చెప్పింది కాదు, చేన్లో ఉన్నది రాయాల: ఎరువుల యాజమాన్యం, నేల-నీటి రక్షణ పద్ధతులు రైతులు ఎంతవరకు పాటిస్తున్నారో లెక్కగట్టే పద్ధతి (అనంతపురం మెట్ట సేద్యానికి)

ఎఫ్‌పీఓల్లో (రైతు ఉత్పత్తిదారుల సంఘాలు), స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన పిల్లోళ్ళు, గ్రామ వ్యవసాయ సహాయకులు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ట్రైనింగులు ఇచ్చినాం, ఎంతమంది పాటిస్తున్నారో రిపోర్ట్ ఇమ్మంటున్నారు, ఎట్లా లెక్కేయాల?" ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇట్లా రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. "వేసినావా?" అంటే "వేసినా సార్" అంటాడు రైతు, ఎండలో పడి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఎందుకని. అది అబద్ధం కాదు, మర్యాద. కాబట్టి మనం రైతు మాటను కాదు, ఒక చేనును పట్టుకుని ఆ సీజన్ అంతా దాని వెంట తిరగాల. కింద రాసిందంతా దానికోసమే.

ఇందులో ఉదాహరణలు ఎర్రనేల శనక్కాయ మీద ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే నా తిరుగుడంతా కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపే. ఆదోని, జమ్మలమడుగు పక్క నల్లరేగడి వాళ్ళు ఎక్కడ మార్చుకోవాలో మధ్యలో చెప్తా.

1. ముందు ఏం లెక్కపెట్టాలో తేల్చుకోండి

ఫారంలో 25 పద్ధతులు పెట్టేవాళ్ళని చూసినా. పదో ప్రశ్నకే రైతు ఆవలిస్తాడు, పదిహేనోదానికి మనమే ఇష్టమొచ్చిన టిక్కు పెట్టేస్తాం. 6 నుంచి 8 చాలు. నేను పెట్టుకునేవి ఇవి:

- మట్టి పరీక్ష చూసి ఎరువు మార్చడం
- విత్తేటప్పుడు ఎరువుల మోతాదు
- శనక్కాయకు జిప్సం
- దిబ్బ ఎరువు లేదా ఘన జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితో చేసే ఎండు ఎరువు)
- వానలకు ముందు నవధాన్యాలు చల్లడం (ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్, పీఎండీఎస్ అంటారు కదా, అది)
- వాలుకు అడ్డంగా దున్ని విత్తడం
- గట్లు, కందకాలు, ఫారం పాండు (వాన నీళ్ళు నిలవడానికి చేన్లో తవ్వే గుంట)
- కంది సాళ్ళు

మీ ఊరికి పనికిరానిది ఉంటే తీసేయండి. చీనీ (బత్తాయి) తోటలే ఎక్కువ ఉన్న ఊర్లో శనక్కాయ ఫారం పట్టుకుని పోతే నవ్వుతారు.

2. ఒక్కోదానికి "చేసినట్టు" అంటే ఏందో రాసి పెట్టుకోండి

అసలు పని ఇక్కడే ఉంది, చాలామంది దీన్నే ఎగ్గొడతారు. ఒక స్టాఫ్‌కు జిప్సం రెండు మూటలు చల్లినా "చేసినాడు", ఇంకో స్టాఫ్‌కు నాలుగు మూటలు చల్లితేనే "చేసినాడు", ఇద్దరి లెక్కలూ కలిపి శాతం తీస్తే అది దేని శాతమో ఎవరికీ తెలీదు. అందుకే ఒక్కోదానికి మోతాదు, టైము, కళ్ళకు కనపడే గుర్తు, ఈ మూడూ రాసుకోవాలి.

జిప్సం: ఎకరాకు 200 కిలోలు, అంటే 50 కిలోల మూటలైతే నాలుగు. పూత మొదలై ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే టైములో మొదళ్ళ దగ్గర చల్లి మట్టి ఎగదోయాలి. కాయ గట్టిపడడానికి కావాల్సిన కాల్షియం ఆ ఊడ, ఆ కాయే మట్టిలో నుంచి నేరుగా లాక్కుంటాయి, అందుకే టైము దాటితే మోతాదు సరిపోయినా సగం లాభమే. నాలుగు మూటలు, టైముకు పడితే "పూర్తి". రెండు మూటలైనా, నాలుగు మూటలు ఆలస్యంగా పడినా "సగం". అంతే, ఇంక వాదన లేదు.

విత్తేటప్పుడు ఎరువు: వర్షాధార శనక్కాయకు ఎకరాకు నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు అని సిఫారసు. మూటల్లోకి మారిస్తే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 33, యూరియా 18 కిలోలు వస్తుంది. మన వాళ్ళు చేసేది ఏంటంటే ఒక మూట డీఏపీ వేసి గమ్మున ఉంటారు. 50 కిలోల డీఏపీలో నత్రజని 9, భాస్వరం 23 కిలోలు ఉంటాయి, భాస్వరం కావాల్సిన దానికంటే 7 కిలోలు ఎక్కువ, పొటాష్ సున్నా. సూపర్‌లో భాస్వరంతో పాటు గంధకం, కాల్షియం కూడా వస్తాయి, డీఏపీలో అవి లేవు. అందుకే ఫారంలో "ఎరువు వేసినాడా" అని రాయొద్దు, "ఏ మూట, ఎన్ని కిలోలు, ఎన్ని ఎకరాలకు" అని మూడు గడులు పెట్టండి. పోషకాల లెక్క ఇంటికొచ్చి మనం వేసుకుంటాం, రైతును దాంతో విసిగించొద్దు.

నల్లరేగడిలో హింగారి (రబీ) శనగ అయితే సిఫారసు నత్రజని 8, భాస్వరం 20. అక్కడ ఒక మూట డీఏపీ దాదాపు సరిపోయినట్టే, రెండు మూటలు వేస్తే మాత్రం డబ్బు మట్టిలో పోసినట్టు. అంటే అదే ఒక మూట డీఏపీ ఒక చోట "సగం", ఇంకో చోట "పూర్తి" అవుతుంది. ఒకే ఫారం మూడు జిల్లాలకూ ఎందుకు కుదరదో దీంతో అర్థమవుతుంది.

మట్టి పరీక్ష: భూసార కార్డు బీరువాలో ఉంటే పాటించినట్టు కాదు. ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి, రైతుకు పనికొచ్చేది ఒక్కటే ప్రశ్న, "కార్డు చూసినాక ఏ మూట తగ్గించినావు, ఏది కొత్తగా తెచ్చినావు?" జవాబు లేకపోతే "విన్నాడు, చేయలేదు". ఇంకోటి, ఈ కార్డు పథకం మొదలైనప్పుడు మెట్ట భూములను 10 హెక్టార్ల గళ్ళుగా (గ్రిడ్) విడదీసి గడికి ఒక శాంపిల్ తీసే పద్ధతి పెట్టినారు, అంటే 25 ఎకరాలకు ఒకటి. ఆ మట్టి తన చేన్లోదేనా అని రైతు అడిగితే తప్పు పట్టకండి, న్యాయమైన ప్రశ్నే. సొంతంగా తీయించుకుని ఉంటే అది పక్కన వేరే గుర్తుతో రాయండి.

దిబ్బ ఎరువు: ఎకరాకు 4 టన్నులు అని పెట్టుకోండి. కానీ రైతు టన్నుల్లో చెప్పడు, "మూడు ట్రాక్టర్లు తోలినా" అంటాడు. ట్రాలీలు చిన్నవి పెద్దవి ఉంటాయి, ఎండు ఎరువు వేరు తడి ఎరువు వేరు. ఊరికి ఒక్క ట్రాలీని కాటా వేయించండి, ఆ అంకె ఆ ఊరంతటికీ వాడుకోండి. వంద రూపాయల పని, లెక్క మాత్రం నిలబడుతుంది.

నవధాన్యాలు: చల్లినట్టు చెప్తే సరిపోదు, ముంగారు (ఖరీఫ్) దున్నకం మొదలయ్యేలోపల చేన్లో పచ్చదనం కనపడాలి. మొలవకపోతే "చేసినాడు, మొలవలేదు" అని విడిగా రాయండి. అది రైతు తప్పు కాదు, వాన తప్పో విత్తనానికి మట్టి పట్టించి ఉండ కట్టడంలో తప్పో, ఆ తేడా తర్వాత పనికొస్తుంది.

వాలుకు అడ్డంగా: ఇది నోటిమాటతో తేలేదే కాదు. సాలులో నిలబడి చూడండి. అనుమానం ఉంటే మూడు కట్టెలు, ఒక దారం, ఒక రాయితో మట్టం చూసే ఏ-ఫ్రేమ్ కట్టుకుని పెట్టి చూడండి. వాన పడిన మర్నాడు పోతే ఇంకా సులభం, నీళ్ళు సాలులో నిలబడి ఉన్నాయా, సాలు వెంబడి కిందికి కాలువ కట్టినాయా, మట్టే చెప్తుంది.

గట్లు, కందకాలు: "గట్టు ఉంది" అని కాదు, ఎన్ని మీటర్లు, ఎన్ని చోట్ల తెగింది. తెగిన గట్టు లేని గట్టు కంటే మోసం, నీళ్ళన్నీ ఒకే చోట దూకి గండి చేస్తాయి. ఫారం పాండుకు ఎప్పుడూ ఒకే మూలలో కట్టె దించి పూడిక ఎంత ఉందో కొలవండి, ఉపాధి పనిలో తవ్విన ఏడాది ఫొటోతో పోల్చుకోండి.

కంది సాళ్ళు: 7 సాళ్ళ శనక్కాయకు 1 కంది, లేదా 11కు 1. అడుగులేసుకుంటా లెక్కపెట్టండి. గట్టు మీద నాలుగు కంది మొక్కలు ఉంటే అంతర పంట కాదు.

చెత్తతో నేల కప్పడం గురించి కూడా అడుగుతారు. అమెరికాలో విత్తినాక నేల మీద కనీసం 30 శాతం పంట చెత్త కప్పి ఉంటేనే నేల రక్షణ సేద్యం కింద లెక్కేస్తారు, 100 గుర్తులున్న తాడును సాళ్ళకు ఏటవాలుగా పరిచి చెత్తను తాకిన గుర్తులు ఎన్నో లెక్కపెడతారు. పద్ధతి చాలా బాగుంది, 30 మీటర్ల తాడుకు 30 సెంటీమీటర్లకు ఒక ముడి వేస్తే మనమూ చేసుకోవచ్చు. కానీ ఇక్కడ శనక్కాయ కట్టె పశువుల మేత, అది చేన్లో వదలమనడం ఎద్దుల నోట్లో గడ్డి లాక్కోవడమే, కాబట్టి ఆ 30 శాతం మన మీద రుద్దకండి. కంది ఆకు, కొర్ర మోళ్ళు ఎక్కడైనా మిగిలితే అక్కడ తాడు వేయండి.

3. ఆరు కోడ్‌లు, అంతకంటే వద్దు

"అవును/కాదు" పెట్టుకుంటే మధ్యలో ఉన్నదంతా పోతుంది. నేను వాడేవి:

వ – వర్తించదు (ఆ పంటే వేయలేదు, విత్తనమే పడలేదు)
1 – విననేలేదు
2 – విన్నాడు, చేయలేదు
3 – సగం (మోతాదు తక్కువ, లేదా టైము తప్పింది, లేదా ఒక మూల మాత్రమే)
4 – పూర్తి
5 – ఇంతకుముందు చేసి, ఆపేసినాడు

ఇందులో 'వ', 5 ఈ రెండూ లేకుండా ఫారం చేయకండి. మన దగ్గర పదును వాన పడక చేను బీడు పెట్టిన ఏడాది జిప్సం వేయలేదని రైతును ఫెయిల్ చేయడం అన్యాయం, లెక్క కూడా తప్పు. ఇక 5 గురించి తర్వాత పెద్దగా చెప్తా.

4. లిస్టు, ఎంపిక

మీ ట్రైనింగ్ హాజరు పుస్తకాన్ని లిస్టుగా వాడొద్దు. వచ్చినోళ్ళు ఆసక్తి ఉన్నోళ్ళే కదా, వాళ్ళలో లెక్కేస్తే ఎప్పుడూ బ్రహ్మాండంగానే వస్తుంది.

పాస్‌బుక్ లిస్టు కూడా సగమే. అందులో పట్టాదారు ఉంటాడు, గుత్తకు (కౌలుకు) చేసేవాడు ఉండడు, పట్టాదారేమో బెంగళూరులో ఉంటాడు. ఈ-పంట నమోదు లిస్టు (ఏ చేన్లో ఎవరు ఏ పంట వేసినారో ప్రభుత్వం రాసుకునేది) తీసుకోండి, దానికి గుత్త రైతులను ఊర్లో అడిగి కలపండి. గుత్తకు చేసేవాడు గట్టు ఎందుకు వేస్తాడు, వచ్చే ఏడు ఆ చేను తనది కాదు కదా. ఈ కారణం బయటపడాలంటే వాళ్ళు లిస్టులో ఉండాలి.

లిస్టు చేతికొచ్చినాక ఇట్లా: ఊర్లో 240 మంది ఉన్నారు, మీకు 20 మంది కావాలి అనుకోండి. 240ని 20తో భాగిస్తే 12. ఒకటి నుంచి పన్నెండు దాకా చీటీలేసి ఒకటి తీయండి, 7 వచ్చిందనుకోండి, 7వ పేరు, 19వ పేరు, 31వ పేరు అట్లా పోండి. దొరకని మనిషి బదులు పక్కింటాయనను రాసుకోవడం వద్దు, మూడుసార్లు పోయినా దొరక్కపోతే "దొరకలేదు" అనే రాయండి.

ఒక్కో రైతుకు ఒక్క చేను. ఆయనకు నాలుగు చోట్ల ఉంటే అందులో కూడా చీటీ వేయండి. లేకపోతే ఆయన రోడ్డు పక్కన బాగా పెట్టుకున్న చేనే చూపిస్తాడు, నేనైనా అంతే చేస్తా.

చేనుకు కోడ్ ఇవ్వండి: ఊరు, వరుస నంబర్, చేను నంబర్. పేరు మీద నడపొద్దు. ఒకే ఊర్లో ఒకే పేరు నలుగురికి ఉంటుంది, ఇంటి పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తారు, రెండో ఏడాది ఎక్సెల్‌లో కలపబోతే తల పగులుద్ది.

5. పోయే ముందు సంచిలో ఏం ఉండాలి

- ఫోన్, పవర్ బ్యాంక్, ఫారం ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ అయ్యిందా చూసుకోవడం (కోబో కలెక్ట్ అయినా ఓడీకే అయినా సిగ్నల్ లేని చోట పనిచేస్తాయి, కానీ ఫారం ముందే దించుకోవాలి)
- పేపర్ ఫారాలు ఒక పది, ఫోన్ చచ్చిపోతే
- 30 మీటర్ల టేపు లేదా ముడుల తాడు
- ఎరువుల మూటల ఫొటోలు ఒక అట్టకు అతికించి (ఇది బంగారం, కింద చెప్తా)
- పోయినసారి ఇదే చేన్లో రాసింది ప్రింట్
- నీళ్ళు, టోపీ. నవ్వొద్దు, మే నెలలో మధ్యాహ్నం ఉరవకొండ దగ్గర వడదెబ్బ తిన్నోడిని నేను.

6. నాలుగు సార్లు పోవాలి, ఒకసారి కాదు

ఒకే విజిట్‌లో ఏడాది కథంతా అడిగితే రైతుకు గుర్తుండదు. జూన్‌లో వేసిన మూట డిసెంబర్‌లో అడిగితే మనకైనా గుర్తుంటుందా.

మొదటిది ఏప్రిల్–మే. మీరు ఏ ట్రైనింగూ ఇవ్వకముందే. ఇది బేస్‌లైన్, ఇది లేకపోతే తర్వాత ఎంత పెరిగిందో చెప్పడానికి ఆధారం ఉండదు. పోయినేడాది ఏం చేసినాడో, నవధాన్యాలు చల్లినాడా, దిబ్బ ఎరువు తోలినాడా, గట్ల పొడవెంత, ఇవన్నీ ఇప్పుడే.

రెండోది విత్తిన 15 రోజుల లోపల. తేదీ చూసి పోవద్దు, వాన చూసి పోండి. కొన్ని ఊర్లలో జూన్ చివర విత్తనం పడుతుంది, పక్క మండలంలో జూలై దాటుతుంది. సాళ్ళ దిశ, కంది సాళ్ళు, విత్తేటప్పటి ఎరువు చూసేది ఇప్పుడే. ఖాళీ సంచులు ఇంకా ఇంట్లోనే ఉంటాయి, ఇంకో నెల పోతే కాయలు నింపడానికో పట్టలు కుట్టడానికో పోతాయి.

మూడోది విత్తిన 45–50 రోజులకు. జిప్సం చూడాల్సిన విజిట్. పెద్ద వాన పడకపోతే మొదళ్ళలో తెల్లపొడి ఇంకా కనపడుతుంది. ఒక్క వారం ఆలస్యమైతే నోటిమాట మీదే ఆధారపడాలి.

నాలుగోది కోత అయినాక. గట్లు తెగినాయా, పాండులో పూడిక ఎంత, వచ్చే ఏడు చేస్తావా, మానేస్తావా, ఎందుకు. దిగుబడి కూడా అడగండి, కానీ దిగుబడి పెరిగితే జిప్సం వల్లే అని రాసేయకండి, వాన ఒక్కటి బాగా పడితే అందరికీ పెరుగుతుంది.

మధ్యలో ఖర్చు లేకుండా ఇంకో పని చేయొచ్చు. బండి మీద ఊరి నుంచి ఊరికి పోతా కిలోమీటరుకు ఒకసారి ఆగి రెండు పక్కలా ఉన్న చేను చూసి కంది సాళ్ళు ఉన్నాయా, సాలు ఎటు పోయింది రాసుకోవడం. రోడ్డు పక్క చేన్లు కొంచెం బాగా ఉంటాయి కాబట్టి దీన్ని అసలు లెక్కగా చూపకండి, మీ శాంపిల్ మరీ తేడాగా ఉందా అని సరిచూసుకోవడానికి మాత్రమే.

7. అడిగే తీరు

కూర్చోగానే ఫోన్ తీయొద్దు. ముందు మనం ఎవరం, ఎందుకు వచ్చినాం, ఈ సమాచారం ఎక్కడికి పోతుంది చెప్పాలి. రైతుకు మనసులో ఉండే భయం ఒకటే, ఇది చెప్తే ఏ పథకంలో పేరు కొట్టేస్తారో అని. "పథకానికి, లోనుకు దీనికి సంబంధం లేదు, ఇష్టం లేకపోతే చెప్పొద్దు అన్నా" అని నోటితో చెప్పండి, సరే అన్నాకే మొదలుపెట్టండి. ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు అడగొద్దు, మనకు వాటితో పనేంది.

ప్రశ్న ఇట్లా అడగొద్దు: "జిప్సం వేసినారా?"

ఇట్లా అడగండి: "విత్తనం పడినప్పటి నుంచి ఈ చేన్లోకి ఏమేం వచ్చినాయో వరసగా చెప్పప్పా."

ఆయన చెప్తా పోతాడు, మీరు మూటల ఫొటోల అట్ట ముందు పెట్టండి. పేర్లు కలిసిపోతాయి, ఒకాయన "తెల్లమందు" అంటాడు అది యూరియానా జిప్సమా తెలీదు, ఫొటో మీద వేలు పెడితే తేలిపోతుంది. జిప్సం పేరు తనంతట తాను ఎత్తకపోతే అప్పుడు చివర్లో అడగండి, ఫారంలో "అడిగితే చెప్పినాడు" అని గుర్తు పెట్టండి.

ఇంట్లో ఆడవాళ్ళను కూడా అడగాలి. జిప్సం చల్లేది, కలుపు తీసేది వాళ్ళే చాలా చోట్ల. ఒకసారి ఆయన "నాలుగు మూటలు" అంటుంటే లోపల నుంచి ఆమె, "యాడ నాలుగు? రెండు మూటలు చీనీ చెట్లకు ఏస్తివి కదా" అనింది. ఆయన నవ్వి తల గోక్కున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరినీ అడగకుండా ఫారం మూయడం మానేసినా.

8. చేన్లో చూసుకోవాల్సిన చెక్‌లిస్టు

- చేను హద్దుల్లోకి దిగి, అంచు నుంచి కనీసం 20 అడుగులు లోపలికి పోయినామా
- జీపీఎస్ కచ్చితత్వం 5 మీటర్ల లోపలికి వచ్చేదాకా ఆగినామా
- ఫొటోలో సాలు, గుర్తుపట్టే చెట్టో బండరాయో కనపడుతుందా
- రెండు మొక్కలు పీకి ఊడలు, మొదలు చూసినామా (రైతును అడిగే పీకండి)
- ఖాళీ సంచులు, బిల్లు చూసినామా. చూసి ఉంటే "చూసినా", లేకపోతే "మాట మాత్రమే"
- ఎన్ని ఎకరాల్లో చేసినాడో ఎకరాలు, సెంట్లలో రాసినామా

బిల్లు గురించి ఒక హెచ్చరిక. బిల్లు కొన్నదానికి సాక్ష్యం, వేసినదానికి కాదు. నాలుగు మూటలు కొని చీనీ తోటకో బావమరిది చేనుకో పోయి ఉండొచ్చు, పైన చెప్పినా కదా.

9. లెక్క వేయడం

ఇది ఊహించి చెప్పే ఉదాహరణ, ఏ ఊరిదీ కాదు. 20 మంది శాంపిల్. ముగ్గురు విత్తనమే వేయలేదు, వాళ్ళు 'వ'. మిగిలింది 17. జిప్సం వేసినామన్నది 12 మంది. అందులో మోతాదు, టైము రెండూ సరిగ్గా ఉన్నది 9, సగం 3.

- వేసినామన్నవాళ్ళు: 17లో 12, అంటే 71 శాతం
- పూర్తిగా పాటించినవాళ్ళు: 17లో 9, అంటే 53 శాతం
- ఇప్పుడు ఎకరాలు: ఆ 17 మంది చేన్లు మొత్తం 68 ఎకరాలు, పూర్తి మోతాదు పడింది 24 ఎకరాల్లో, అంటే 35 శాతం

మూడూ నిజమే, మూడూ రిపోర్టులో ఉండాలి. 71 చూసి పైవాళ్ళు సంబరపడతారు, 35 చూస్తే అసలు కథ తెలుస్తుంది. చేనంతా కాకుండా ఒక మూలలో వేసి చూసేవాడు తెలివైనవాడే, మొదటి ఏడాది అంతే చేయాలి, కానీ రెండో ఏడాది ఆ మూల పెరిగిందా తగ్గిందా అన్నదే మనకు కావాల్సింది.

'వ' రాసినవాళ్ళను కింద భాగంలో కలిపేసి 20లో 9 అని 45 శాతం చూపిస్తే కరువు ఏడాది మీ పనంతా పాడైపోయినట్టు కనపడుతుంది. మరీ ఘోరం ఏందంటే మరుసటేడు మంచి వాన పడితే ఏమీ చేయకుండానే శాతం ఎగిరిపోతుంది.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకునే తీరు

చెప్పినవాడే లెక్కపెట్టడం. ట్రైనింగ్ ఇచ్చిన స్టాఫ్ తన ఊర్లోనే సర్వే చేస్తే చేతులు వాటంతట అవే 4 కోడ్ మీదికి పోతాయి. ఊర్లు మార్చండి. నీ ఊరు నేను, నా ఊరు నువ్వు.

రచ్చకట్ట దగ్గర చేతులెత్తించి లెక్క రాసుకోవడం. పెద్దమనిషి చేయెత్తితే అందరూ ఎత్తుతారు. ఆ లెక్క చించి పారేయండి, వేరే దారి లేదు.

ఫ్రీ మూటలు. మనమే జిప్సం ఇచ్చి, మనమే వేసినాడా అని అడిగి, 90 శాతం అని రాసుకోవడం. మూట ఎక్కడి నుంచి వచ్చింది అని ఒక గడి పెట్టండి: సొంత డబ్బు, సబ్సిడీ, ఉచితం. ఉచితం ఆగిన ఏడాది సొంత డబ్బుతో తెచ్చుకున్నోళ్ళు ఎంతమందో అది నా దృష్టిలో అసలైన అంకె.

ఒకే గట్టు, మూడు ఫొటోలు. నేను కొత్తలో పనిచేసిన ఒక చోట ముగ్గురు రైతుల ఫారాల్లో ఒకే గట్టు, ఒకే వేపచెట్టు, కోణం మాత్రం మార్చి ఫొటోలు పెట్టినారు. ఆరు నెలలు ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు, ఆ రిపోర్టు మీద నా సంతకం కూడా ఉంది. ఇప్పుడు వారానికి ఒకసారి ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తా, జీపీఎస్ చుక్కలు మ్యాప్ మీద వేసి ఒకదాని మీద ఒకటి పడినాయా చూస్తా.

మళ్ళీ చెక్ చేయకపోవడం. ప్రతి 10 ఫారాలకు ఒకటి వేరే మనిషి మళ్ళీ పోయి చూడాలి, మొదటి మనిషి ఏం రాసినాడో చూడకుండా. ఒక ఊర్లో రెండు ఫారాలు తేడా వస్తే ఆ ఊరంతా మళ్ళీ చేయడం నా రూల్. స్టాఫ్ తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

మండల సగటు మాత్రమే చూపడం. రెండెకరాల రైతు, గుత్త రైతు, ఒంటరి మహిళా రైతు, బోరున్న రైతు వీళ్ళను విడదీయకపోతే బోరున్నోళ్ళ అంకెలు అందరినీ కప్పేస్తాయి.

11. ఆపేసినవాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి

ఫారంలో 5 పడిందంటే అక్కడ టీ తాగి కూర్చోవాలి. 4 ఉన్నవాడు మన ట్రైనింగ్ బాగుందంటాడు, 5 ఉన్నవాడు ఎందుకు బాగలేదో చెప్తాడు.

"ఎందుకు ఆపినావు?" అని పోలీసోడిలా అడగొద్దు. "మళ్ళీ చేయాలంటే ఏం ఉండాల?" అని అడగండి. వచ్చే జవాబులు నేను ఇట్లా పోగు చేస్తా:

- మూట టైముకు దొరకలేదు
- డబ్బు ఆ నెలలో లేదు (పూత టైముకు పిల్లల ఫీజులు పడతాయి)
- కూలోళ్ళు దొరకలేదు
- ఫలితం కనపడలేదు
- చేను చేయి మారింది
- ట్రాక్టర్ అతను అడ్డంగా దున్నడానికి ఒప్పుకోలేదు

చివరిది చూసి నవ్వొద్దు. చిన్న చేన్లో వాలుకు అడ్డంగా దున్నాలంటే ట్రాక్టర్ ఎక్కువసార్లు మళ్ళాలి, గంట లెక్క పెరుగుతుంది, వాలు వెంబడి పోతే తొందరగా అయిపోతుంది. రైతుకు ఎన్ని ట్రైనింగులు ఇచ్చినా ఆ స్టీరింగ్ పట్టుకున్నోడికి ఇవ్వకపోతే సాలు మారదు. ఇది నాకు మూడు సీజన్లు పోయినాక గానీ తలకెక్కలేదు.

"ఫలితం కనపడలేదు" అంటే వెంటనే వాదనకు దిగకండి. పాత ఫారం తీసి చూడండి, ఆయన వేసింది పూర్తి మోతాదా, సగమా, టైముకా, ఆలస్యంగానా. సగం అయితే ఆ సంగతి చెప్పండి. పూర్తి వేసి కూడా కనపడలేదంటే అట్లాగే రాయండి, మన మాటకు ఎదురుగా ఉందని మార్చొద్దు.

12. ఊరికి తిరిగి చెప్పడం, వచ్చే ఏడు

జనవరి–ఫిబ్రవరిలో ఊర్లో ఒక గంట కూర్చోబెట్టి లెక్కలు చెప్పండి. పేర్లు చదవొద్దు, కోడ్‌లు కూడా వద్దు, "మన ఊర్లో 17 మందిలో 9 మంది" అని చెప్తే చాలు. గుండ్రటి పై-చార్టు లాంటి గ్రాఫులు కాకుండా శనక్కాయలు కుప్పలుగా పోసి చూపించండి, 9 ఒక పక్క, 8 ఒక పక్క. ఇక్కడే కొన్ని తప్పులు బయటపడతాయి, "ఆ చేను నాది కాదు సామీ, మా అన్నది" అని ఎవరో ఒకరు లేస్తారు. అక్కడే సరిచేసుకోండి.

ఏప్రిల్‌లో మళ్ళీ అదే లిస్టు, అవే చేన్లు తీయండి, కొత్త 20 మందిని ఎంచుకోవద్దు. ఒకాయన బెంగళూరు పనికి పోయి ఉంటాడు, ఒకాయన చనిపోయి ఉంటాడు. పేరు కొట్టేసి పక్కన పెట్టకండి, "వలస", "మరణం" అని రాసి, ఆ చేను ఇప్పుడు ఎవరు చేస్తున్నారో కనుక్కుని ఆ మనిషిని కలవండి. కోడ్ మాత్రం పాతదే ఉంచండి, గట్టు కూడా అక్కడే ఉంది కదా, దాని పొడవు మళ్ళీ కొలవండి.